పాతకాలపు పనిబట్టలు: వేలు పోసి కొనాలా, ఇక్కడే కుట్టించుకోవాలా?

ఒకప్పుడు కార్మికులు వేసుకున్న బట్టల నమూనాలో ఇప్పుడు కొత్తగా కుట్టి అమ్మే పనిబట్టల గురించి వారం తిరిగేలోపు ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. ‘జపాన్‌లో నేసిన డెనిమ్, 1940ల నాటి నమూనా, 20,000 రూపాయలు. కొనవచ్చా?’ లేదా ‘ఫ్రాన్స్ కార్మికులు వేసుకునే నీలం కోటు, 12,000. నిజంగా అంత విలువ చేస్తుందా?’ విడివిడిగా జవాబులు చెబుతూ వచ్చాను. ఇప్పుడు అందరికీ పనికివచ్చేలా ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం. దళసరి డెనిమ్ ప్యాంటులో ఖరీదుకు తగిన పనితనం కనిపిస్తుంది. అయితే వారానికి కనీసం మూడు రోజులు వేసుకునేవారే దానికి డబ్బు పెట్టాలి. షర్టుకు, కోటుకు మాత్రం పెట్టకండి. మంచి బట్ట ఎంచుకోగలిగితే వరంగల్‌లోనో హనుమకొండలోనో చేయి తిరిగిన టైలర్ వాటికి ఏమాత్రం తీసిపోకుండా కుట్టి ఇస్తారు.

నేను ఏ పనిబట్టనైనా ఒక చొక్కాతో పోల్చి చూస్తాను. మా నాన్న కాజీపేట లోకో షెడ్డులో పనిచేసినప్పటి నీలం చొక్కా అది, ఇప్పటికీ మా బీరువాలో ఉంది. కాలర్ అరిగిపోతే విప్పదీసి, తిరగేసి కుట్టించారు. పాత సూది రంధ్రాల వరస కాలర్ కింద ఇప్పటికీ కనిపిస్తుంది. జేబు పైమూలల్లో రెండు వైపులా చిన్న త్రికోణం కుట్టు ఉంది. రోజంతా స్పానర్ పెట్టి తీసినా జేబు చిరగకుండా కాపాడింది ఆ కుట్టే. భుజాల మీద రంగు బాగా వెలిసింది, చేతి మడత లోపల మాత్రం ముదురు నీలం అలాగే ఉంది. పాత నమూనా బట్ట కొనేటప్పుడు మీరు వెతకవలసినవి ఇవే: విప్పి మళ్ళీ కుట్టగలిగే కుట్టు, భారం పడే చోట బలం, అందంగా వెలిసే రంగు.

కావలసినవి

దర్జీ టేపు, మీకు సరిగ్గా సరిపోయే పాత ప్యాంటు, షర్టు, తెల్లటి నూలు గుడ్డ ముక్క, గుండుసూది, దగ్గరలోని కిరాణా దుకాణం కాటా, కొలతలు రాసుకోవడానికి చిన్న పుస్తకం. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోను కెమెరాలో పెద్దదిగా చేసి చూడండి.

1. ఎప్పుడు వేసుకుంటారో ముందు తేల్చుకోండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అమెరికాలోనో జపాన్‌లోనో ఉన్నవారు 14, 16 ఔన్సుల (చదరపు గజం బట్ట బరువు) డెనిమ్‌ను పొగుడుతూ రాస్తే మనమూ అదే కొంటాం. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ బట్ట అప్పుడు ఒంటి మీద ఉండనివ్వదు. వానాకాలంలో ఉతికితే రెండు రోజులైనా ఆరదు, ముక్కిన వాసన వస్తుంది. 14 ఔన్సుల ప్యాంటు మన దగ్గర హాయిగా ఉండేది నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా.

ఏడాదిలో ఎక్కువ రోజులు వేసుకోవాలంటే 10 నుంచి 12 ఔన్సుల మధ్య చూడండి. ఎండాకాలానికి డెనిమ్ ఆలోచనే వదిలేసి షాంబ్రే (సాదా నేత పలుచని బట్ట) షర్టు, పలుచని ఖాకీ డ్రిల్ (ఏటవాలు నేత గట్టి బట్ట) ప్యాంటు ఎంచుకోండి. అవి కూడా అసలైన పనిబట్టలే.

2. ఏ వివరం పనికొస్తుందో, ఏది జ్ఞాపకమో విడదీయండి

నెవాడాలోని రీనో పట్టణంలో దర్జీగా ఉన్న జేకబ్ డేవిస్, బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్ కలిసి 1873 మే 20న పేటెంటు పొందారు. జేబు మూలల్లో రాగి రివెట్లు బిగించి చిరగకుండా చేయడం వారి ఉపాయం. మా నాన్న చొక్కా జేబు మీది త్రికోణం చేసే పనీ అదే. ఇలాంటి వివరానికి డబ్బు పెట్టవచ్చు.

మరికొన్ని వివరాలు అలా కావు. పాత జీన్స్‌లో నడుము వెనక బిగించుకునే పట్టీ, బకిల్ ఉండేవి. బెల్టు లేని రోజుల్లో అవి అవసరం. ఇప్పుడు ఆ బకిల్ మీ బండి సీటును గీరుతుంది, కుర్చీని గీరుతుంది. వెనక జేబుల రివెట్లు కూడా గుర్రపు జీనులను, ఇంట్లో సామాన్లను గీరుతున్నాయని వాటిని 1937లో బట్ట కింద దాచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం, దారం పొదుపు చేయడానికి కొన్ని రివెట్లు తీసేశారు, వెనక జేబు మీద కుట్టవలసిన గీతలను రంగుతో వేశారు. ‘యుద్ధకాలపు నమూనా’ పేరుతో ఇవాళ ఎక్కువ ధరకు అమ్మేది ఆ పొదుపు రూపాన్నే. చరిత్ర మీద ప్రేమతో కొంటే కొనండి, నాకూ ఆ ప్రేమ ఉంది. గట్టితనం కోసమని మాత్రం కొనకండి.

సెల్వెడ్జ్ అనే మాటకు బెదిరిపోనక్కరలేదు. అడ్డ దారాన్ని మోసే నాడె అటూ ఇటూ తిరిగే మగ్గం మీద నేసినప్పుడు ఆ పేక దారం తెగకుండా వెనక్కి మళ్ళి ఏర్పడే గట్టి అంచు అది. వరంగల్ కొత్తవాడ నేతన్నలకు, చేనేత చీర కట్టేవారికి ఎప్పటినుంచో తెలిసినదే. ఆ మగ్గాల పన్నా (బట్ట వెడల్పు) సుమారు 28 నుంచి 32 అంగుళాలే కాబట్టి బట్ట ఎక్కువ పడుతుంది, నేత నెమ్మదిగా సాగుతుంది, ధర పెరుగుతుంది. అంచు ఉన్నంత మాత్రాన నూలు మంచిదని అర్థం కాదు. నాసిరకం నూలును కూడా ఆ మగ్గం మీద నేయవచ్చు.

పాత అమెరికా మగ్గాలను జపాన్ కొనుక్కుపోయిందనే కథ కూడా వినే ఉంటారు. నిజానికి జపాన్‌లో ఈ డెనిమ్‌ను ఎక్కువగా నేసింది వారి సొంత టయోడా మగ్గాల మీదే. టయోటా కార్ల కంపెనీ పుట్టింది కూడా ఆ మగ్గాల ఇంటి నుంచే. అమెరికాలో ఈ బట్టకు పేరు తెచ్చిన గ్రీన్స్‌బరో వైట్ ఓక్ మిల్లు 2017 చివర్లో మూతపడింది. అందుకే ఆ మిల్లు పేరు ఉన్న బట్టకు అదనపు ధర పలుకుతోంది. అరుదైన వస్తువుకు ఇచ్చే ధర అది, మన్నికకు ఇచ్చేది కాదు.

3. బట్టను పరీక్షించండి

బరువుతో మొదలుపెట్టండి. ఔన్సులు అంటే ఒక చదరపు గజం బట్ట బరువు. మన దుకాణాల్లో ఎవరూ ఔన్సుల్లో చెప్పరు. దానికి ఒక సులువైన లెక్క ఉంది. 58 అంగుళాల పన్నా ఉన్న బట్ట ఒక మీటరు తీసుకుని కాటా మీద పెట్టండి. వచ్చిన గ్రాములను 50తో భాగిస్తే ఔన్సులు వస్తాయి. 500 గ్రాములు ఉంటే 10 ఔన్సులు, 600 ఉంటే 12, 700 ఉంటే 14. ‘హెవీ డెనిమ్’ అని చెప్పి ఇచ్చిన బట్ట 420 గ్రాములే తూగడం నేను చూశాను.

తరువాత నేత. డెనిమ్‌కు ఏటవాలు గీతలు కనిపించాలి, లోపలి వైపు తెల్లగా ఉండాలి, ఎందుకంటే పడుగు (నిలువు దారం) నీలం, పేక తెలుపు. షాంబ్రే కూడా రంగు పడుగు, తెల్ల పేకే, కానీ సాదా నేత, అందుకే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పైన నీలం ముద్ర వేసి షాంబ్రే అని అమ్మేవి ఉన్నాయి. వెనక్కి తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

రంగు చూసే పద్ధతి ఇది. బట్ట అంచు నుంచి గుండుసూదితో ఒక నీలం దారం లాగి, పురి విప్పండి. నడిమధ్య తెల్లగా, పైన మాత్రమే నీలంగా ఉంటే అది నీలిమందు అద్దకం. వేసుకునే కొద్దీ పైపొర రాలి, తెలుపు బయటపడి, పాతబట్టల్లో కనిపించే ఆ అందమైన వెలిసిన రంగు వస్తుంది. దారం నిండా నీలమే ఉంటే ఎన్నేళ్లు వేసుకున్నా అలా వెలవదు.

తెల్లగుడ్డ తడిపి బట్ట మీద పదిసార్లు రుద్దండి. డెనిమ్ నుంచి కొంత నీలం అంటడం సహజం, అది లోపం కాదు. షర్టు బట్ట నుంచి అంతగా వస్తే మాత్రం తీసుకోకండి, చంకల దగ్గర, బనియన్ మీద మరకలు పడతాయి.

చివరగా కుదింపు. నేసిన తరువాత యంత్రం మీద ముందే కుదించే పద్ధతికి అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930లో పేటెంటు పొందారు. శాన్‌ఫరైజ్డ్ అనే మాట ఆయన పేరు నుంచి వచ్చిందే. అలా చేయని బట్ట మొదటి ఉతుకుల్లో 10 శాతం దాకా కుదించుకుపోవచ్చు. అంటే 32 అంగుళాల కాలు పొడవు 29కి రావచ్చు. ఒక అమ్మకందారు ముందే కుదించిన బట్ట అని నమ్మకంగా చెబితే నేను పొడవు సరిగ్గా కత్తిరించి కుట్టించాను. రెండు ఉతుకులకు చీలమండ పైకి లేచింది. అప్పటినుంచి ఎవరు ఏం చెప్పినా పరీక్షించనిదే కత్తెర పెట్టనివ్వను. ముక్క మీద 50 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, ఉతికి ఆరేసి మళ్ళీ కొలవండి. 48.5 వస్తే 3 శాతం కుదించినట్టు. అంతవరకు ఫరవాలేదు.

4. లోపలికి తిప్పి కుట్లు చూడండి

కొత్త బట్టను ఎప్పుడూ బయట నుంచి చూసి మెచ్చుకోకండి. తిరగేయండి.

అంగుళానికి ఎన్ని కుట్లు ఉన్నాయో టేపు పెట్టి లెక్కపెట్టండి. షర్టుకు 12 కన్నా తక్కువ ఉంటే తొందరలో కుట్టినది. జీన్స్‌లో దారం లావు కాబట్టి 8 నుంచి 10 చాలు. మంచి పనిబట్టల్లో పక్క కుట్టు, చంక కుట్టు దగ్గర బట్ట కొసలను ఒకదానిలో ఒకటి మడిచి దాచి, పైన రెండు వరుసలు కుడతారు. లోపల ఒక్క పోగు కూడా బయటికి కనిపించదు. కొసల మీద యంత్రంతో దారం అల్లి (ఓవర్‌లాక్ చేసి) వదిలేసిన షర్టుకు 8,000 అడిగితే వెనక్కి ఇచ్చేయండి. ఒక్క మినహాయింపు: సెల్వెడ్జ్ జీన్స్‌లో కాలి బయటి కుట్టును మడవరు, అంచే అక్కడ కాపలా.

జేబు మూలలు, బెల్టు లూపుల మొదళ్ళు, జిప్ లేదా గుండీల పట్టీ అడుగు, ఈ మూడు చోట్ల ఒత్తుగా అడ్డకుట్టు ఉండాలి. కాజాను గోటితో గీరి చూడండి, పోగులు లేస్తే నాలుగు నెలల్లో తెరుచుకుంటుంది.

మోరీ (ప్యాంటు కాలి అడుగు అంచు) దగ్గర గొలుసు కుట్టు ఉండటాన్ని గొప్పగా చెబుతారు. ఆ కుట్టు వల్ల మోరీ తాడులా మెలితిరిగి అందంగా వెలుస్తుంది, నిజమే. కానీ ఒక్కచోట దారం తెగితే మొత్తం జారిపోతుంది. ఇది అందం కోసం ఇష్టపడవలసిన సంగతి మాత్రమే.

5. చీటీ మీద అంకె కాదు, టేపు

మీకు సరిపోయే పాత ప్యాంటును బల్ల మీద పరిచి నడుము, సీటు, ముందు వైపు ఆసనం ఎత్తు (కాళ్ళ కుట్లు కలిసే చోటు నుంచి నడుము దాకా), తొడ, మోకాలు, మోరీ, లోపలి పొడవు కొలిచి రాసుకోండి. అమ్మేవారు ఇచ్చిన కొలతలతో పోల్చండి. పాత నమూనా ప్యాంట్లలో ఆసనం ఎత్తు ఎక్కువ, నడుము బొడ్డు దగ్గర కూర్చుంటుంది. ఇప్పటి ప్యాంట్లకు అలవాటుపడి అదే అంకె తీసుకుంటే పొట్ట దగ్గర పట్టేస్తుంది. విదేశం నుంచి తెప్పించుకుంటే మార్చుకోవడం దాదాపు కుదరదు. సుంకం ఎంత పడుతుందో ముందే కనుక్కుని ధరలో కలుపుకోండి.

6. డబ్బు లెక్క నిజాయితీగా వేయండి

20,000 పెట్టి కొన్న జీన్స్‌ను వారానికి 3 రోజులు, ఎండలు, ముసురు తీసేసి ఏడాదికి 35 వారాలు వేసుకున్నారనుకుందాం. ఏడాదికి 105 రోజులు. నాలుగేళ్లు మన్నితే 420 సార్లు, అంటే ఒక్కసారికి 48 రూపాయలు. నేను కుట్టించుకున్న డెనిమ్ ప్యాంటుకు బట్ట, కుట్టు, గుండీలు అన్నీ కలిపి 1,900 అయింది. రెండేళ్లే మన్నుతుందనుకున్నా ఒక్కసారికి 9 రూపాయలు.

కాబట్టి ‘ఖరీదైనా ఎక్కువ కాలం వస్తుంది, చివరికి చవకే’ అనే మాట నమ్మకండి. లెక్క ఎప్పటికీ అలా తేలదు. పైగా బండి మీద తిరిగేవారికి తొడల మధ్య బట్ట ముందు అరుగుతుంది, అక్కడ ధర ఏమీ కాపాడదు. పొదుపు కోసం అయితే ఇక్కడే ఆగిపోండి. ఆ నేతను, ఆ రంగు వెలిసే తీరును ప్రేమించి, ఇంట్లో ఏ ఖర్చుకూ ఇబ్బంది లేకుండా పెట్టగలిగితే కొనండి. అది తప్పు కాదు. శ్రద్ధగా నేసిన బట్టకు డబ్బు ఇవ్వడం నేతన్నల ఊళ్ళో ఉంటున్న మనకు చిన్నచూపు చూడవలసిన పని కాదు.

7. ఇక్కడే కుట్టించుకునే పద్ధతి

షర్టుకు, కోటుకు నేను గట్టిగా చెప్పే దారి ఇదే.

బట్ట: ప్యాంటుకు 58 అంగుళాల పన్నాలో 1.3 మీటర్లు, షర్టుకు 1.6, మూడు జేబుల నీలం కోటుకు 2 మీటర్లు. కుదింపు కోసం ప్రతిదానికీ 10 సెంటీమీటర్లు అదనం. కోటుకు డ్రిల్ అడగండి. కాజీపేట, గోదావరిఖని, మంచిర్యాల వంటి చోట్ల యూనిఫాం బట్ట అమ్మే దుకాణాల్లో ముదురు నీలం, ఖాకీ డ్రిల్ తాన్లు ఉంటాయి. అయితే వాటిలో చాలావరకు పాలిస్టర్ కలిసినవే. ఒక పోగు కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద మెత్తగా రాలితే నూలు. కరిగి గట్టి గింజలా మిగిలితే పాలిస్టర్ ఉన్నట్టు. ఫ్యాక్టరీల్లో ఒంటిమీద ఒకటే ముక్కగా వేసుకునే సూటును డాంగ్రీ అంటారు కదా, ఆ మాట ముంబయిలోని డోంగ్రీ పేరుతో ముడిపడిన ముతక నూలుబట్ట నుంచి వచ్చింది. ఇంగ్లీషువారి డంగరీకీ మూలం అదే. పనిబట్ట మనకు పరాయిది కాదు.

చేనేత కావాలనుకుంటే ఖాదీ షర్టు బట్ట మంచి ఎంపిక. కొందరు వరంగల్ దర్రీతో కోటు కుట్టించాలని అడుగుతున్నారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ దర్రీల మీద నాకు ఎంత అభిమానమో చెప్పలేను, కానీ కోటుకు వద్దు. నేల మీద పరవడానికి పేకను దట్టంగా కొట్టి నేసిన బట్ట అది. కత్తిరిస్తే కొసలు విడిపోతాయి, భుజాల మీద బరువు మోయలేరు. సంచీకి బాగుంటుంది.

తడపడం: కొన్న బట్టను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి టైలర్‌కు ఇవ్వండి. డెనిమ్ అయితే రెండుసార్లు.

టైలర్‌తో మాట: ఫోనులో బొమ్మ చూపించి వదిలేయకండి. నమూనా చొక్కా చేతికి ఇవ్వండి. నేను మా టైలర్‌తో అన్న మాటలు ఇవి: ‘మాస్టర్, పక్క కుట్లు ఓవర్‌లాక్ వద్దు, మడిచి రెండు వరుసలు వేయండి. జేబు మూలల్లో త్రికోణం. దారం బట్ట రంగుకు కలవకపోయినా ఫరవాలేదు, లావుది వేయండి.’ ఆయన నాన్న చొక్కా లోపలికి తిప్పి, జేబు మూల మీద బొటనవేలు పెట్టి కాసేపు చూశారు. ‘ఇలా కుట్టమని అడిగేవాళ్ళు ఇప్పుడు లేరు సార్, నేర్చుకున్నది మాత్రం ఇదే’ అన్నారు. కుట్టుకూలి మామూలు కన్నా 150 ఎక్కువ అడిగారు. బేరం చేయలేదు, మీరూ చేయకండి. ఆ మడత కుట్టుకు రెట్టింపు సమయం పడుతుంది.

డెనిమ్‌కు 16 లేదా 18 నంబరు సూది వాడమనండి. సన్న సూదితో కుడితే మందపు మడతల దగ్గర కుట్లు తప్పుతాయి. అందుకే పండగల ముందు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఈ పని ఇవ్వకండి, మంచి టైలర్ కూడా సూది మార్చే ఓపిక లేకుండా కుట్టేస్తారు. రివెట్లు దొరకకపోతే వెతకనక్కరలేదు, ఒత్తైన అడ్డకుట్టు అదే పని చేస్తుంది. కాజాలు బయట కాజా కుట్టేవారి దగ్గరికి వెళ్తాయి కాబట్టి ‘దగ్గర కుట్టు’ అని చీటీ రాసి పెట్టమనండి.

మోరీ మాత్రం ఇప్పుడే కుట్టించకండి. పచ్చికుట్టు (తరువాత విప్పేసే తాత్కాలిక కుట్టు) వేయించి తెచ్చుకోండి.

8. ఉతుకు, చివరి పరీక్ష

డెనిమ్‌ను ఆరు నెలలు ఉతకకూడదనే మాట చల్లటి దేశాలవారిది. ఉతకకుండా ఉంచితే మన చెమటకు, దుమ్ముకు తొడల దగ్గర పోగులు త్వరగా తెగిపోతాయి. పది పన్నెండు సార్లు వేసుకున్నాక తిరగేసి, చల్లటి నీళ్ళలో, తక్కువ సబ్బుతో, విడిగా ఉతకండి. బండ మీద బాదకండి, బ్రష్ పెట్టకండి. నీడలో ఆరేయండి.

కొన్నదైనా కుట్టించినదైనా మూడు ఉతుకుల తరువాత ఇవి చూడండి. నడుము, పొడవు కొలిచి పుస్తకంలో రాసుకున్న అంకెలతో పోల్చండి. ప్యాంటు పరిచి చూస్తే పక్క కుట్టు ముందుకు మెలితిరిగిందా? కొద్దిగా అయితే ట్విల్ (ఏటవాలు) నేత స్వభావం, రెండు అంగుళాలు దాటితే బట్టను వాలుగా కత్తిరించి ఉండవచ్చు. కుట్ల పక్కన బట్ట ముడతలు పడితే దారం బిగువు ఎక్కువైంది. సీటు కుట్టును రెండు చేతులతో లాగండి, మధ్యలో పళ్ళలా ఖాళీలు కనిపిస్తే అక్కడ ఇంకో వరస వేయించండి, చిరిగాక వేస్తే నిలవదు.

పొడవు రెండో ఉతుకు తరువాత, మూడో ఉతుకు తరువాత ఒకేలా ఉంటే కుదింపు అయిపోయినట్టే. అప్పుడు రోజూ వేసుకునే చెప్పులో బూట్లో తొడుక్కుని నిలబడి, మడమ దగ్గర గుర్తు పెట్టించుకుని, పచ్చికుట్టు విప్పించి మోరీ కుట్టించండి.